అక్క వచ్చిన ఇల్లు

"ముడి వదులుగా ఉంది. ఇలా రా తల్లీ, మళ్ళీ కడతాను."

"వద్దు నాన్నా. అక్క కట్టేసింది."

"అందుకే అంటున్నా. బడి గేటు దాటకముందే ఊడిపోతుంది."

"ఊడదు!"

లువానా రెండు చేతులతో మెడ దగ్గర కప్పుకుని గోడకి ఆనుకుపోయింది. తెల్లటి బడి గౌను మీద పెద్ద నీలం రిబ్బను. పువ్వులా విచ్చుకున్న దాని రెక్కల్లో ఒకటి కాస్త వంకరగా ఉన్నమాట నిజమే. కానీ దారియో కంట్లో గుచ్చుకుంటున్నది ఆ వంకర కాదు. పిల్లని బడిలో వేసిన రోజు నుంచి ఆ రిబ్బను కట్టేది అతనే. తన టైర్ల కొట్టు నలుపు అంటకుండా ముందు సబ్బుతో చేతులు రుద్దుకుని, తుడుచుకుని, అప్పుడు కట్టేవాడు. ఈ పొద్దున కూడా చేతులు కడుక్కునే వచ్చాడు.

"చేతులు తియ్యి," అన్నాడు.

"దారియో, వదిలెయ్," అన్నాడు అతని భర్త ఎబెర్ బల్ల దగ్గర నుంచి. మాతే ఆకు టీ తాగే సొరబుర్రలోకి వేడినీళ్ళ ఫ్లాస్కు వంచుతూ, తలెత్తకుండానే అన్నాడు.

దారియో వదల్లేదు. పిల్ల చేతులు పక్కకి తీసి ముడి లాగేశాడు. రిబ్బను జారి నేల మీద పడింది. లువానా కెవ్వుమంది. చెంపమీద కొట్టి ఉన్నా అంత గట్టిగా ఏడ్చేది కాదేమో.

పొయ్యి పక్కన నిలబడి ఉన్న అక్క యెసికా కదిలింది. వచ్చి, వంగి, రిబ్బను తీసి జేబులో పెట్టుకుంది. చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

"దార్లో చూద్దాంలే. పద," అంది.

గుమ్మం దగ్గర లువానా వెనక్కి తిరిగింది. మోచేత్తో ముక్కు తుడుచుకుంటూ, "సెలవులకి నేను అక్కతో వాళ్ళ ఊరు సాల్తోకి వెళ్తున్నా. ఎబెర్ సరేనన్నాడు," అంది.

తలుపు ధడేలున మూసుకుంది.

వంటింట్లో ఇద్దరు మగవాళ్ళు మిగిలారు. పొయ్యిలో కట్టె చిటపటలాడుతోంది. కిటికీ అద్దం మీద మంచు ఇంకా కరగలేదు.

"ఏమన్నావు దానితో?" అన్నాడు దారియో.

"సరే అన్నాను. సెలవుల్లో నాలుగు రోజులు అక్క దగ్గర ఉండొస్తుంది. అందులో తప్పేముంది?"

"నన్నడక్కుండా."

"అడిగితే వద్దంటావు."

"అంటాను."

"అందుకే అడగలేదు."

దారియో కుర్చీ లాగాడు గానీ కూర్చోలేదు. సోమవారం సాయంత్రం నుంచి అడగాలనుకుంటున్న ప్రశ్న ఒకటుంది. ఆ సాయంత్రం సాల్తో బస్సు దిగి, ఒక సంచీ భుజాన వేసుకుని, ఇరవయ్యేళ్ళ పిల్ల వాళ్ళ గుమ్మంలో నిలబడి, "లువానా ఉందా? నేను దాని అక్కని," అంది. ఆ మాట ఆమె నోట పూర్తికాకముందే ఇంట్లోంచి లువానా వచ్చి కాళ్ళకి చుట్టేసుకుంది. మూడేళ్ళ వయసులో శరణాలయం నుంచి తెచ్చుకున్న పిల్ల, ఇప్పుడు ఎనిమిదేళ్ళది. అంత చిన్నప్పటి మొహం ఎలా గుర్తుపెట్టుకుంది? దారియోకి అర్థం కాలేదు. ఇప్పుడు మాత్రం ఒకటి అర్థమవుతోంది. గుర్తుపట్టడానికి ఎవరో ముందే సిద్ధం చేశారు.

"మన అడ్రసు ఆ అమ్మాయికి ఎవరిచ్చారు?"

"చెప్పాగా. శరణాలయంవాళ్ళు ఇచ్చి ఉంటారు."

"వాళ్ళివ్వరు. ఎవరికీ ఇవ్వరు. ఆ సంగతి నీకూ తెలుసు, నాకూ తెలుసు."

ఎబెర్ మాతే బుర్ర బల్ల మీద పెట్టాడు.

"నేనే ఇచ్చాను. నేనే వెతికాను. పాపకి ఫోన్లో ఫొటో కూడా చూపించాను."

"ఎప్పుడు?"

"ఎండాకాలంలో."

"ఎండాకాలంలోనా!" దారియో కిటికీ వైపు చెయ్యి చూపించాడు. "బయట గడ్డి మీద మంచు పడి ఉంది, ఎబెర్. ఇన్నాళ్ళూ నా పక్కనే పడుకుని, నా బల్ల దగ్గరే తిని, నా వెనకాల..."

"నీ వెనకాల కాదు. దాని కోసం. ఈ భూమ్మీద ఆ పిల్లకి సొంత రక్తం అనేది ఒక్కతే ఉంది. పెద్దయ్యాక అడిగితే ఏం చెబుదామని?"

"రక్తం! తట్టు పోసినప్పుడు రక్తం వచ్చి కూర్చుందా తల దగ్గర?"

"లేదు. నువ్వు కూర్చున్నావు." ఎబెర్ టోపీ అందుకున్నాడు. "ప్రతిసారీ నువ్వే కూర్చున్నావు."

"అవును, కూర్చున్నాను! బేకరీలో ఏమనుకుంటున్నారో తెలుసా? యెసికా నీ కూతురంట. నన్ను చేసుకోకముందు ఎక్కడో కన్నావంట."

ఎబెర్‌కి నవ్వాగలేదు. "నేనా? ఊళ్ళో నా గురించి అంత గొప్పగా అనుకుంటున్నారా?"

మామూలు రోజైతే దారియో కూడా నవ్వేవాడే. పెదవి దాకా వచ్చిన నవ్వుని పళ్ళ కింద నొక్కిపెట్టాడు. ఎబెర్ ఒక్క క్షణం ఆ నవ్వు కోసం చూశాడు. రాలేదు. బయటికి వెళ్ళిపోయాడు. కాసేపటికి అతను నడిపే పాల ట్యాంకరు ఇంజను దగ్గి, మొరాయించి, చివరికి కదిలింది. పొలాల వెంట తిరిగి పాలు ఎక్కించుకుని, మళ్ళీ ఏ సాయంత్రానికో వస్తుంది.

*

దారియో, ఎబెర్‌ల పెళ్ళి రోజున సెర్రో చికో సగం ఊరు రిజిస్ట్రారు ఆఫీసు బయట నిలబడి చూసింది. మిగతా సగం చూడనట్టు నటిస్తూ అటూ ఇటూ నాలుగుసార్లు నడిచింది. తర్వాత ట్రాక్టర్లకి పంక్చర్లు పడటం ఆగలేదు, ఊళ్ళో దారియోది తప్ప ఇంకో టైర్ల కొట్టు లేదు. అలా అలవాటైపోయారు. ఇప్పుడు ఎవరైనా "మీ ఇద్దర్లో అమ్మ ఎవరు?" అని అడిగితే దారియో, "అమ్మ పక్కింట్లో ఉంది, వెళ్ళి అడుగు, చీపురుతో చెబుతుంది," అనేవాడు.

ఆ పక్కింటి అమ్మే ఇప్పుడు కొట్లోకి వచ్చింది. ఎలిదా డెబ్బై దాటిన మనిషి. భుజాల మీద ఉన్ని శాలువా, చంకలో ఎప్పటిలా ఫ్లాస్కు.

"ఏడుపు మా వంటింటిదాకా వినిపించింది. ఏం చేసింది ఆ మహాతల్లి?"

"ఏం చెయ్యలేదమ్మా. నేనే ముడి విప్పాను."

"నువ్వు విప్పేదాకా తెచ్చిందిగా! మొదటిరోజే చెప్పాను నీకు. ఆ పిల్ల చూపు నాకు నచ్చలా. కంచం మీదికి వంగి, చెయ్యి అడ్డం పెట్టుకుని తింటుంది. ఎవరో లాక్కుపోతారన్నట్టు."

"శరణాలయంలో పెరిగినవాళ్ళు అలాగే తింటారు. లువానా తినలేదా అలా?"

"లువానా వేరు. లువానా మనది." ఎలిదా పాత టైరు మీద కూర్చుంది. "ఇన్నేళ్ళు ఎక్కడుందిట ఈవిడ? ముక్కు తుడిచిందా? బూట్లకి తాడు కట్టిందా? తీరా పిల్ల పెరిగి ముద్దొచ్చే వేళకి అక్కనంటూ దిగింది. రేపు సాల్తో అంటుంది, ఎల్లుండి అక్కడే బడిలో వేస్తానంటుంది. నాకైతే మీ వంటింట్లో దాని షాంపూ వాసనే గిట్టడంలేదు."

దారియో చేతిపని ఆపి విన్నాడు. నాలుగు రోజులుగా తన మనసులో తిరుగుతున్న మాటలివే. షాంపూ వాసనతో సహా. తల్లి నోట్లోంచి వింటే అవి ఎంత చవగ్గా ఉన్నాయో!

"నువ్వు ఎబెర్‌ని కూడా ఇలాగే అన్నావు," అన్నాడు. "రెండేళ్ళు వాడి పేరు పలకలేదు. 'ఆ లారీవాడు' అనేదానివి."

"మరి? నా కొడుకుని పట్టుకుపోయాడుగా."

"పక్కింటికేగా పట్టుకుపోయింది!"

"ఏ ఇంటికైతేనేం." ఎలిదా మాతే పీల్చి, గొట్టం చివర తుడిచి కొడుక్కి అందించింది. "మధ్యాహ్నం బస్సుంది. పిల్ల బడి నుంచి వచ్చేసరికి ఇల్లు ఇల్లులా ఉంటుంది. నేను చెప్పాల్సింది చెప్పాను."

ఆమె వెళ్ళిపోయింది. దారియో తొట్టి నీళ్ళలో ట్యూబు ముంచి బుడగల కోసం వెతకసాగాడు. చల్లటి నీళ్ళకి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. బస్సు మాట మాత్రం బుర్రలోంచి పోవడంలేదు.

*

యెసికా వచ్చి, ఎలిదా లేచిన టైరు మీదే కూర్చుంది.

"గేటు దాకా ఏడ్చింది. లోపలికి వెళ్ళేటప్పుడు ఆపేసింది."

"రిబ్బను?"

"తనే కట్టుకుంటానని పంతం పట్టింది. కుదర్లేదు. ఆఖరికి టీచరు కట్టింది." యెసికా నవ్వబోయి, అతని మొహం చూసి మానేసింది. "నాదే పొరపాటు. అది మీరు కట్టేదని నాకు తెలీదు. తెలిస్తే ముట్టుకునేదాన్ని కాదు."

దారియో ట్యూబుని మళ్ళీ నీళ్ళలోకి నొక్కాడు. క్షమించమన్నట్టు మాట్లాడుతుంటే ఇంకా మండుతోంది. గట్టిగా మాట్లాడితే బాగుండును, తిరిగి అనొచ్చు.

"ఏమన్నా సాయం చెయ్యనా? నారింజల షెడ్డులో బరువులు మోసే పనే నాది."

"అక్కర్లేదు."

ట్యూబు తిరుగుతోంది, నీళ్ళు కారుతున్నాయి.

"మీకో సంగతి చెప్పనా?" అంది యెసికా. "ఇప్పటికీ చెవి పట్టుకునే పడుకుంటోంది."

దారియో చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి.

"నిన్న నా పక్కన పడుకుందిగా. నిద్రలో చెయ్యి చాపి తడుముకుంటూ వచ్చి చెవి తమ్మె పట్టుకుంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. మర్చిపోయి ఉంటుందనుకున్నా. అక్కడ శరణాలయంలో మంచాలు పక్కపక్కనే ఉండేవి. పసిపిల్ల ఏడిస్తే అందరూ తిట్టేవాళ్ళు. అందుకని నా చెవి దాని చేతికిచ్చేదాన్ని. పట్టుకోగానే ఊరుకునేది." ఆమె జుట్టు పక్కకి తీసి చూపించింది. "ఈ చెవి. నా ఎడమది."

దారియో ట్యూబు వదిలేశాడు. అది నీళ్ళ మీద తేలింది.

పిల్ల ఆ ఇంటికి వచ్చిన మొదటి రాత్రి ఏడ్చి ఏడ్చి, చివరికి చెయ్యి చాపి అతని చెవి పట్టుకుని నిద్రపోయింది. అతను కదిలితే లేస్తుందేమోనని మెడ పట్టేసినా కదల్లేదు. తను తండ్రి అయింది ఆ రాత్రే అని అతని నమ్మకం. దత్తతకి సంతకాలు పెట్టించిన జడ్జిగారికి కూడా ఆ కథే చెప్పాడు. ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఊళ్ళో ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. "నా చెవి తప్ప ఇంకే చెవీ పనికిరాదు మా పిల్లకి," అనేవాడు.

ఆ చీకట్లో పిల్ల వెతికింది అతన్ని కాదు.

"మధ్యాహ్నం బస్సుంది," అన్నాడు దారియో.

ఆ గొంతు తనదేనా అనిపించింది.

యెసికా జుట్టు సర్దుకోవడం ఆపింది. "ఆదివారం వెళ్దామనుకున్నాం కదా. ఎబెర్..."

"ఆదివారం బస్సులు కిక్కిరిసి ఉంటాయి. ఇవాళైతే ఖాళీ."

ఆమె అతని వైపు చూసింది. అడగలేదు, వాదించలేదు. అలవాటైన పని అన్నట్టు లేచి నిలబడింది.

"లువానా వచ్చాక చెప్పి వెళ్తాను."

"చెబితే ఏడుస్తుంది. చెప్పకుండా వెళ్తేనే దానికి మంచిది."

"అప్పుడు కూడా ఇదే అన్నారు," అంది యెసికా.

"ఎప్పుడు?"

"మీరు దాన్ని తీసుకెళ్ళిన రోజు. శరణాలయంవాళ్ళు నన్ను బట్టలు ఉతికే గదికి పంపించారు. వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. చెప్పకుండా తీసుకెళ్తేనే మంచిదన్నారు."

ఆమె లోపలికి వెళ్ళి సంచీ తెచ్చుకుంది. సర్దుకోవడానికి కూడా పెద్దగా ఏమీ లేదు. నాలుగు రోజులూ సంచీలోంచే తీసుకుని సంచీలోనే పెట్టుకున్నట్టుంది.

"అడ్డరోడ్డు దాకా దింపుతాను," అన్నాడు దారియో. ఇప్పుడు గొంతు తగ్గింది.

"వద్దండి. నడుస్తాను."

గేటు చప్పుడు కాకుండా వేసి వెళ్ళింది.

*

"అక్కా! అక్కా, ఇటు చూడు!"

లువానా ముందు పరిగెత్తుకొచ్చింది, వెనకాల ఆయాసపడుతూ ఎలిదా. పిల్ల చేతిలో కాగితం పొట్లం. బడిలో ఇచ్చిన జామ బన్ను సగం తిని సగం అక్కకి దాచింది. పడగ్గదిలోకి పరిగెత్తింది, పెరట్లోకి పరిగెత్తింది, కొట్లోకి వచ్చింది.

"అక్కేది?"

దారియో మాటలు ముందే సిద్ధం చేసి పెట్టుకున్నాడు. "పని దగ్గర నుంచి ఫోనొచ్చింది తల్లీ. అర్జంటుగా రమ్మన్నారు. నీకు ముద్దు పెట్టమంది."

ఏడుస్తుందనుకున్నాడు. కాళ్ళు నేలకేసి కొడుతుందనుకున్నాడు. అలా చేస్తే ఎత్తుకుని, వంటింట్లోకి తీసుకెళ్ళి, పిండి కలిపి నూనెలో రొట్టెలు వేయించి, పంచదార చల్లి పెడదామనుకున్నాడు. పిండి కూడా కలిపి ఉంచాడు.

లువానా ఏడవలేదు.

"నేనేం చేశాను?" అంది.

"నువ్వేం చేస్తావమ్మా? ఏమీ చెయ్యలేదు."

"పొద్దున ఏడ్చానుగా. అందుకా?"

"కాదు తల్లీ..."

ఆమె అతని జవాబు పూర్తిగా వినలేదు. పొట్లం జాగ్రత్తగా టైర్ల బల్ల మీద పెట్టి లోపలికి వెళ్ళింది. బట్టల మీద తొడిగిన బడి గౌను విప్పుకుంది. మడత పెట్టింది. ఇంట్లో ఎన్నడూ మడత పెట్టని పిల్ల. మంచం మీద గోడవైపుకి జరిగి, బూట్లతోనే కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

గుమ్మంలోంచి చూస్తున్న ఎలిదా కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"బూట్లు," అంది గుసగుసగా. "బూట్లు విప్పలేదురా."

వచ్చిన కొత్తలో లువానా బూట్లు విప్పనిచ్చేది కాదు. నిద్రలో విప్పినా పొద్దున్నే వెతికి తొడుక్కునేది. ఎప్పుడు ఎవరొచ్చి ఎక్కడికి తీసుకెళ్తారో తెలియని పిల్ల, తయారుగా ఉండేది. ఆ బూట్లు మంచం కిందికి చేరడానికి దాదాపు ఒక చలికాలం పట్టింది.

"ఏరా, నా మొహం చూస్తావేం? బండి తియ్."

"నువ్వేగా పంపించెయ్యమన్నావు!"

"నేను ముసలిదాన్ని. నోటికొచ్చింది అంటాను. నువ్వు తండ్రివి. బండి తియ్."

*

పాత పికప్పు మట్టిరోడ్డు మీద ఎగిరెగిరి పడుతోంది. లువానా పక్కసీట్లో కూర్చుని ముందుకి చూస్తోంది. ఎక్కడికని అడగలేదు. అలా అడక్కుండా బండెక్కడం దారియో చూడలేకపోయాడు.

"అక్క దగ్గరికి వెళ్తున్నాం," అన్నాడు.

అప్పుడు తల తిప్పింది. అంతే.

యూకలిప్టస్ చెట్లు దాటగానే అడ్డరోడ్డు కనిపించింది. దాంతోపాటు బస్సు వెనక భాగం కూడా. మిట్ట ఎక్కి, అవతలికి దిగి, మాయమైపోయింది. బస్టాపు షెడ్డులో ఎవరూ లేరు. గాలికి ఒక ప్లాస్టిక్ సంచీ ఇనప కడ్డీకి చుట్టుకుని కొట్టుకుంటోంది.

దారియో స్టీరింగు మీద తల వాల్చేశాడు.

"నాన్నా," అంది లువానా. "ఎబెర్ బండి."

రోడ్డు అవతల, గడ్డి అంచున, తెల్లటి పాల ట్యాంకరు ఆగి ఉంది. ముందు అద్దం వెనక యెసికా. ఒళ్ళో సంచీ.

లువానా తలుపు ఎప్పుడు తీసిందో, రోడ్డు ఎప్పుడు దాటిందో అతనికి తెలియదు. అతను చేరేసరికి అక్కాచెల్లెళ్ళిద్దరూ గడ్డి మీద ఒకర్నొకరు పట్టుకుని కూర్చుని ఉన్నారు. ఎబెర్ ట్యాంకరు చక్రం పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"దార్లో నడుస్తూ కనిపించింది," అన్నాడు ఎబెర్. "పని గుర్తొచ్చి తనే బయల్దేరిందంట. అలా అని చెప్పింది."

"అవును," అంది యెసికా త్వరత్వరగా, చెల్లెలి జుట్టులోకి మొహం పెట్టి. "నేనే. పని గుర్తొచ్చింది."

దారియోకి దారి సులువైపోయింది. ఊ అంటే చాలు. తను చెప్పిన ఫోను అబద్ధానికి ఆమె అబద్ధం సరిగ్గా అతికింది. లువానా ఒకసారి అక్కని, ఒకసారి అతన్ని చూసింది.

"కాదు," అన్నాడు దారియో. "నేనే పంపించేశాను."

ఒక లారీ గాలి కొడుతూ దాటిపోయింది.

"ఎందుకు?" అంది లువానా.

"నాకు కుళ్ళు పుట్టింది."

"కుళ్ళంటే?" పిల్ల కనుబొమలు దగ్గరకొచ్చాయి. "నేను మికాయెలా పక్కన కూర్చుంటే ఫియొరెల్లాకి వస్తుందే, అదా?"

"అదే."

"నీకా? నువ్వు పెద్దవాడివి కదా!"

యెసికా మొహం ఎత్తింది. కళ్ళనిండా నీళ్ళున్నాయి గానీ పెదవి మీద చిన్న వంకర కనబడింది.

దారియో ఆమె ముందు గొంతుకూర్చున్నాడు. "ఆదివారం దాకా ఉండు. తర్వాత కూడా... ముందు ఇంటికి రా. దయచేసి."

"మళ్ళీ వెళ్ళమంటే?"

"అనను."

"అనాలనిపిస్తే?"

"అనిపిస్తే నోరు మూసుకుని టైర్లు విప్పుకుంటాను," అన్నాడు.

యెసికా చాలాసేపు అతన్నే చూసింది. తర్వాత సంచీ భుజాన వేసుకుంది. లువానా ఆమె చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది, తనే పెద్దదైనట్టు. ఇద్దరూ పికప్పులో ఎక్కారు. ముందు సీట్లో కాదు, వెనక తొట్టిలో, టైర్ల మధ్య.

*

దారియో వెళ్ళబోతూ ఆగాడు. "పొద్దున నువ్వన్నది నిజమే. పాపకి అక్క ఉండాలి. నీ మనసు పెద్దది, ఎబెర్. నాది కాదు."

"ఆపు," అన్నాడు ఎబెర్.

"ఏమైంది?"

"అలా అనకు. నాకు వినాలని లేదు."

ఎబెర్ టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. పికప్పు వైపు వీపు తిప్పి నిలబడ్డాడు, పిల్లలకి మొహం కనబడకుండా.

"పడితే నాన్నా అంటుంది. కలొస్తే నాన్నా అంటుంది. పన్ను ఊడితే నేను పక్కనే ఉన్నా నాన్నేడీ అని వెతుక్కుంటుంది. నన్ను పేరు పెట్టి పిలుస్తుంది. పోస్ట్‌మాన్‌ని పిలిచినట్టు."

"చిన్నప్పటి అలవాటు అది. నేనెప్పుడూ..."

"నువ్వెప్పుడూ మాన్పించలేదు. మూడుసార్లు చెబితే మానేది. చెప్పలేదు. నీకు బాగుండేది." ఎబెర్ గొంతు పెరగలేదు. అదే దారియోకి భయంగా ఉంది. "ఎండాకాలంలో ఆ అమ్మాయి కోసం వెతికినప్పుడు నేనేం అనుకున్నానో తెలుసా? రక్తసంబంధం, అదీ ఇదీ, అన్నీ నిజమే. కానీ అంతకన్నా ముందు ఒకటనుకున్నాను. ఇంట్లో ఇంకొకరు వస్తే, దారియోకి కూడా ఒక్కసారి తెలుస్తుంది, రెండోవాడిగా ఉండటం ఎలా ఉంటుందో అని. సోమవారం సాయంత్రం పిల్ల ఆమె కాళ్ళకి చుట్టుకుంటే నేను పిల్లని చూడలేదు. నీ మొహం చూశాను."

దారియో తలెత్తి అతన్ని చూశాడు.

"చూసి సంతోషపడ్డాను," అన్నాడు ఎబెర్. "ఇవాళ ఈ రోడ్డు మీద ఆ పిల్ల సంచీతో ఒక్కతే నడుస్తుంటే చూశాక... పంపించింది నువ్వే. కానీ తెచ్చి నీ ముందు నిలబెట్టింది నేను."

"ఇంటికి పోయి మాట్లాడుకుందాం."

"ట్యాంకులో పాలున్నాయి. విరిగిపోతాయి."

"దింపేశాక వస్తావుగా?"

ఎబెర్ ట్యాంకరు మెట్టెక్కి, తలుపు పట్టుకుని ఒక్క క్షణం నిలబడ్డాడు. లోపలికెక్కి తలుపు వేసుకున్నాడు. ఇంజను మొదటిసారికే అంటుకుంది. బండి మెల్లగా రోడ్డెక్కి, పాల ఫ్యాక్టరీ వైపు తిరిగింది.

దారియో రోడ్డు దాటి వచ్చాడు. పికప్పు తొట్టిలో అక్కాచెల్లెళ్ళు ఒకే కోటు కింద ముడుచుకుని కూర్చున్నారు. అంతలో లువానా లేచి, క్యాబిను మీద చేతులు ఆనించి, మిట్ట వైపు చూస్తోంది.

"ఎబెర్ చెయ్యి ఊపలేదు," అంది. "ఎప్పుడూ ఊపుతాడు. హారన్ కూడా కొడతాడు."

"తొందరలో ఉన్నాడు తల్లీ."

"రాత్రికి వస్తాడా?"

ఇన్నేళ్ళలో ఎబెర్ వస్తాడా అని ఆ పిల్ల అడగడం దారియో ఎప్పుడూ వినలేదు. వినాల్సినవాడు మిట్ట దాటి వెళ్ళిపోయాడు.

"నాన్నా, అడుగుతున్నా కదా. వస్తాడా?"

ఆమె కళ్ళు ఇంకా రోడ్డు మీదే ఉన్నాయి. చేతిలో తాళంచెవి పట్టుకుని, ఎబెర్ మీద జాలి, తన మీద సిగ్గు అన్నీ ముంచుకొస్తుండగా, వాటన్నిటికన్నా ముందు లోపల ఎక్కడో సన్నగా చురుక్కుమన్నది ఏమిటో దారియో పోల్చుకున్నాడు. పొద్దున రిబ్బను దగ్గర మొదలైన ఆ పాత మంటే.